మా బారోమీటర్‌కి వాన పడుతోందని తెలీలేదు

నాలుగేళ్లుగా ప్రతి బ్యాచ్‌తోనూ నేను చేయిస్తున్న ఒక యాక్టివిటీ, అంటే సీసాకి బెలూన్ రబ్బరు కట్టి గాలి పీడనం చూపే బారోమీటరు చేయడం, తప్పని ఈ ఏడాది ఒక పదేళ్ల అమ్మాయి పట్టేసింది. అదెలా జరిగిందో పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే సైన్స్ చెప్పే టీచర్లలో చాలామంది ఇదే యాక్టివిటీ చేయిస్తుంటారు, నాలాగే ఏ అనుమానమూ లేకుండా.

ముందు క్లాసు వివరాలు. ఐదో తరగతి, 24 మంది. నాలుగు వారాలు, వారానికి రెండు పీరియడ్లు. అవి కాక రోజూ ఉదయం 9కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఇద్దరిద్దరు పిల్లలు వెళ్లి పరికరాల రీడింగులు రాసుకుని రావాలి. పరికరాలన్నీ పిల్లలే చేసుకున్నవి: సీసా కోసి చేసిన వానమాపకం, గాలి దిశ చూపే బాణం, ఒకదానికి తడి గుడ్డ చుట్టిన రెండు థర్మామీటర్లు, బెలూన్ రబ్బరు కట్టిన బారోమీటరు. వానలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు కాబట్టి ఎండా మబ్బూ రెండూ దొరుకుతాయని ఆ నెల ఎంచుకున్నాను. ఈ ఒక్క ప్లాను మాత్రం సరిగ్గా కుదిరింది.

మొదటి రోజు పుస్తకాలు తీయకముందే, మేఘం దేనితో తయారవుతుందని అడిగాను. క్లాసంతా ఒకే గొంతుతో "నీటి ఆవిరి" అంది. బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని వరసగా అప్పజెప్పేశారు కూడా. నీటి ఆవిరి కంటికి కనపడదు కదా, మరి మేఘం తెల్లగా ఎలా కనపడుతోంది అనేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెటిల్‌లో నీళ్లు మరిగించి చూపించాను. దాని ముక్కు దగ్గర కొద్దిమేర ఏమీ లేనట్టు ఖాళీగా ఉంటుంది, ఆ తర్వాతే తెల్లగా పొగలా మొదలవుతుంది. ఆ ఖాళీగా కనపడేదే ఆవిరి, తెల్లగా కనపడేది అప్పటికే చల్లబడి మళ్లీ నీళ్లయిపోయిన సన్నని తుంపరలు. మేఘమూ అంతే. మామూలు మేఘపు తుంపర మిలీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది, అలాంటివి దాదాపు పది లక్షలు కలిస్తే 2 మిలీమీటర్ల వాన చినుకు ఒకటి అవుతుంది. ఈ లెక్క పిల్లలకి తెగ నచ్చింది, మిగతా నెలంతా ఏం జరిగినా "పది లక్షల తుంపరలు" అని వెక్కిరించుకున్నారు.

ఆ వారమే సీసాలో మేఘం చేశాం. అందరూ చేసే పద్ధతి తెలుసు కదా: గాజు సీసాలో వేడి నీళ్లు పోసి, వెలిగించి ఆర్పిన అగ్గిపుల్ల పొగ కొంచెం వదిలి, మూత మీద ఐసు ముక్కలు పెడితే లోపల తెల్లగా కమ్ముకుంటుంది. చూడటానికి చాలా బాగుంటుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ అయ్యాక ఏం అర్థమైందో రాయమంటే ఎక్కువమంది "పొగ పైకి పోయి మేఘం అవుతుంది" అని రాశారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, మేం చూపించింది అదే. అందుకని మర్నాడు మూడు సీసాలు పక్కపక్కన పెట్టాం. ఒకదాంట్లో పొగ ఉంది, వేడి నీళ్లు లేవు. రెండోదాంట్లో వేడి నీళ్లు, ఐసు ఉన్నాయి, పొగ లేదు. మూడోదాంట్లో అన్నీ ఉన్నాయి. మొదటిదాంట్లో పొగ కాసేపు తిరిగి పలచబడిపోయింది. రెండోదాంట్లో ఉందా లేదా అన్నట్టు వచ్చింది. మూడోదాంట్లో దట్టంగా వచ్చింది. ఆవిరి తుంపరగా మారాలంటే పట్టుకోవడానికి గాలిలో ఏదో ఒక రేణువు ఉండాలని 1880ల్లోనే స్కాట్లాండ్‌కి చెందిన జాన్ ఐట్‌కెన్ చూపించాడు, ఆయన వాడినవీ దాదాపు ఇలాంటి గాజు పాత్రలే.

ఐసు విషయంలో నాకింకో ఇబ్బంది ఉంది. పైన చల్లటి మూతలాంటిది ఏదో ఉంటుంది, దానికి తగిలి మేఘాలు పుడతాయి అనుకుంటారు పిల్లలు. నిజానికి పైకి లేచిన గాలి మీద ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, ఆ వ్యాకోచంలో దానంతటదే చల్లబడుతుంది, పొడిగాలైతే కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు. దీనికి మెత్తటి ప్లాస్టిక్ సీసా మేలు. అడుగున రెండు చెంచాల నీళ్లు పోసి, కొంచెం పొగ వదిలి, మూత గట్టిగా బిగించి రెండు చేతులతో పిసికి ఠక్కున వదిలేయాలి. వదిలినప్పుడు మేఘం వస్తుంది, పిసికితే మాయమవుతుంది. పిసికినప్పుడు వస్తుందనే అందరూ అనుకుంటారు, అక్కడే అసలు మజా. (అగ్గిపుల్ల, వేడి నీళ్లు మాత్రం నా చేతిలోనే ఉంటాయి, ఎంత బతిమాలినా ఇవ్వను.)

రెండో వారం గాలి దిశ. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. బాణం తిరిగింది, పిల్లలు ఆనందించారు, "ఉత్తరపు గాలి" అంటే ఉత్తరం నుంచి వచ్చేదా ఉత్తరానికి పోయేదా అన్న చోట సగం క్లాసు తడబడింది. కాగితం కప్పులతో గాలి వేగం కొలిచే చక్రం మానేశాను, అది తిరుగుతుందే తప్ప ఎంత వేగమో చెప్పదు. దాని బదులు ఆకులు కదులుతున్నాయా, కొమ్మలు ఊగుతున్నాయా, జెండా పూర్తిగా పరుచుకుందా అని చూసి అంకె వేసే బోఫోర్ట్ స్కేలు నేర్పాను. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నౌకాధికారి ఓడల కోసం మొదలుపెట్టింది, నేల మీద వాడుకునేలా తర్వాత మార్చారు. కళ్లతో చేసే పని కాబట్టి పాడయ్యేదేమీ ఉండదు.

వానమాపకంలో ఒక్కటి చెప్తాను. ప్లాస్టిక్ సీసాల అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది, అక్కడి నుంచి స్కేలు మొదలుపెడితే లెక్క చెడుతుంది. గుంటలు మునిగేదాకా ముందే గులకరాళ్లు వేసి నీళ్లు పోసి, ఆ మట్టాన్ని సున్నా అనుకోవాలి. గోడ పక్కన పెట్టినదానికీ ఆరుబయట పెట్టినదానికీ ఒకే వానలో వేరే అంకెలు వచ్చాయి, దాని మీద ఒక పీరియడ్ మొత్తం పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట నేను పెట్టుకున్న పాఠం కంటే బాగుంది.

ఇక బారోమీటరు.

వెడల్పు మూతి గాజు సీసా మీద కోసిన బెలూన్‌ని బిగుతుగా లాగి రబ్బరు బ్యాండు వేస్తాం. రబ్బరు మధ్యలో ఒక స్ట్రా చివర అంటిస్తాం, రెండో చివర సీసా అంచు దాటి బయటికి వస్తుంది. ఆ చివర వెనకాల మిలీమీటర్ల గీతలున్న అట్ట నిలబెడతాం. బయట వాతావరణ పీడనం పెరిగితే రబ్బరు లోపలికి కుంగుతుంది, స్ట్రా బయటి కొన పైకి లేస్తుంది. పీడనం తగ్గితే రబ్బరు ఉబ్బుతుంది, కొన కిందికి దిగుతుంది. పీడనం తగ్గిందంటే వాన వచ్చే సూచన. ఎంత చక్కగా ఉందో చూడండి, ఎక్కడా పొరపాటు కనపడదు. మా సీసాని వెలుతురు బాగుంటుందని కిటికీ గట్టు మీద పెట్టాం, పైన స్కెచ్ పెన్నుతో "బారోమీటరు" అని రాసిన చీటీ అతికించాం.

మొదటి నాలుగు రోజులూ ఎండే. ఉదయం 42 దగ్గర ఉన్న కొన మధ్యాహ్నానికి 36కి, సాయంత్రానికి 34కి దిగింది. మర్నాడు పొద్దున్నకి మళ్లీ 42, 41 అలా. రోజూ అదే తీరు. పిల్లలు గ్రాఫ్ గీస్తే రంపం పళ్లలా వచ్చింది. ఒక బాబు "మేడమ్, రోజూ సాయంత్రం వాన సూచనే చూపిస్తోంది, వాన పడట్లేదేంటి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. నా ఫోన్‌లో పీడనం కొలిచే సెన్సర్ ఉంది, తీసి చూశాను. పొద్దున 1009 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్నది సాయంత్రం నాలుక్కి 1006 చూపిస్తోంది. "చూశారా, నిజంగానే తగ్గింది, మన బారోమీటరు కరెక్టే" అని క్లాసుకి ప్రకటించేశాను. ఆ బాబు సరేనని కూర్చున్నాడు.

ఫోన్ చెప్పింది నిజమే. పీడనం రోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, ఉదయం, రాత్రి పదింటి ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో తక్కువ. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే వాతావరణానికీ ఉంటాయి, కాకపోతే ఇక్కడ ముఖ్య కారణం చంద్రుడు కాదు, పై పొరల్ని సూర్యుడు వేడెక్కించడం. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ ఇది స్పష్టంగా కనపడుతుంది. అయినా ఆ తేడా రెండు మూడు హెక్టోపాస్కల్సే. ఒక సీసా మీది రబ్బరుని అంతలా ఊపడానికి అది చాలదు. చాలదని నాకు తట్టాలి. ఫోన్ నాకు కావాల్సిన దిక్కే చూపించేసరికి ఇంకేమీ ఆలోచించలేదు.

ఐదో రోజు తెల్లారి నుంచే ముసురు. మధ్యాహ్నానికి వానమాపకంలో 18 మిలీమీటర్లు. పిల్లలంతా బారోమీటరు చుట్టూ మూగారు, ఈసారి కొన అట్ట కిందికంటా దిగిపోతుందని పందేలు కాశారు. కొన 41 దగ్గర కదలకుండా కూర్చుంది. సాయంత్రం కూడా 41. ఎండ రోజుల్లో వాన వస్తుందని చెప్పిన పరికరం, వాన పడుతున్న రోజున వాన లేదంటోంది. వెనక బెంచీ నుంచి ఎవరో "మేడమ్, మన బారోమీటర్‌కి వాన పడుతోందని తెలీలేదు" అన్నారు, క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల టెన్షన్ మొదలైంది. రబ్బరు వదులైందేమో, గాలి లీకవుతోందేమో అని ఏదో సర్దిచెప్పాను.

రీడింగ్ షీట్లో టైము, అంకె కాక చివర "ఇంకేమైనా" అని ఒక ఖాళీ గడి ఉంటుంది. ఎక్కువమంది దాన్ని వదిలేస్తారు, లేదా పువ్వులు గీస్తారు. ఆ వారం రీడింగులు రాసినవాళ్లలో ఒకమ్మాయి ఉంది, క్లాసులో నోరు విప్పడమే తక్కువ. ఆ రోజు సాయంత్రం షీట్లు తిరగేస్తుంటే ఆమె ఖాళీ గడుల్లో చిన్న అక్షరాలతో రాసినవి కనపడ్డాయి. "ఎండ సీసా మీద పడలేదు." "ఎండ సగం పడింది." "ఎండ మొత్తం పడింది." వాన రోజు గడిలో "ఎండ లేదు". పక్కన అంకెలు: 42, 36, 34, 41. గ్రాఫ్ కూడా అక్కర్లేదు, ఆ నాలుగు గడులు పక్కపక్కన చూస్తే చాలు.

మర్నాడు ఆమెని పిలిచి, ఎందుకు రాశావమ్మా అంటే, "ఊరికే మేడమ్, అక్కడ ఏదైనా రాయమన్నారు కదా" అంది. తర్వాత కాసేపాగి, "చెయ్యి పెడితే కూడా దిగుతుంది" అంది. ఎప్పుడు పెట్టి చూసిందో ఏమో. అందరి ముందూ చేసి చూపించమన్నాను. రెండు అరచేతులూ సీసాకి చుట్టి పట్టుకుంది. పది, పదిహేను సెకన్లు ఏమీ లేదు. తర్వాత స్ట్రా కొన మెల్లగా, ఎవరో లాగుతున్నట్టు, 41 నుంచి 40కి, 39కి దిగింది. చేతులు తీసేస్తే నిదానంగా పైకి లేచింది. గదిలో చప్పుడు లేదు.

లెక్క బోర్డు మీదే వేశాం, ఐదో తరగతికి అర్థమయ్యేంత మేరకి. మూసి ఉన్న సీసాలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది రబ్బరుని బయటికి తోసే తోపుడు, బయటి పీడనం 3 హెక్టోపాస్కల్స్‌కి కాస్త పైన తగ్గినదానికి సమానం. అంటే సాయంత్రపు పీడనం తగ్గుదల మొత్తం ఒక్క డిగ్రీ వేడితో సరి. కిటికీ గట్టు మీద ఎండలో ఉన్న సీసా ఏడెనిమిది డిగ్రీలు వేడెక్కడం పెద్ద విషయమే కాదు, అది 25 హెక్టోపాస్కల్స్ తగ్గినంత పని చేస్తుంది. మేం నాలుగు రోజులు కొలిచింది వేడిని. నేను నాలుగేళ్లు కొలిపించింది కూడా అదే.

అప్పటికప్పుడు ప్లాను మార్చేశాను. మిగతా పీరియడ్లన్నీ ఈ సీసాకే. ఒకే రకం సీసాలు మూడు తయారుచేసి ఒకటి ఎండలో, ఒకటి గది మూల నీడలో, ఒకటి చుట్టూ తడి ఇసుక నింపిన థర్మోకోల్ పెట్టెలో పెట్టాం. పెట్టెలోది దాదాపు కదల్లేదు. కదలకపోతే అది పాడైనట్టా బాగున్నట్టా అని మళ్లీ గొడవ. అందుకని, పీడనం నిజంగా మారితే కదులుతుందా అన్నది వేరేగా చూశాం. చిన్న సీసా బారోమీటరుని పెద్ద పారదర్శకమైన డబ్బాలో పెట్టి, డబ్బా మూతికి ప్లాస్టిక్ షీటు బిగుతుగా కట్టి, షీటుని అరచేత్తో నొక్కాం. నొక్కగానే లోపల స్ట్రా కొన టక్కున పైకి లేచింది. చేతి వేడికి పది సెకన్లు పట్టింది, దీనికి క్షణం కూడా పట్టలేదు, అదీ వ్యతిరేక దిశలో. కాబట్టి ఇది పీడనానికి కదులుతుంది, వేడికీ కదులుతుంది, రెండిట్లో ఏది కదిపిందో మాత్రం చెప్పలేదు.

సరైన పీడనం ఎక్కడ చూడాలి మరి? ఫోన్లలో. స్టాఫ్‌లో సెన్సర్ ఉన్న ఫోన్లు రెండు దొరికాయి. ఒకటి కింద వరండాలో ఇద్దరు పిల్లల దగ్గర ఉంచి, రెండోదాంతో మూడో అంతస్తుకి ఎక్కాం. నేల దగ్గర్లో 8 మీటర్ల ఎత్తుకి సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గాలి. ఎక్కినది 10 మీటర్లకి అటూ ఇటూ, తగ్గింది 1.2. కింది ఫోన్ మారలేదు. కిందివాళ్లు బోరు కొట్టి "మేమెందుకు ఇక్కడ" అని అరిచారు.

అందుకు వాళ్లకి ఒక కథ చెప్పాల్సి వచ్చింది. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి పాదరసం గొట్టం నిలబెట్టి గాలికి బరువుందని చూపించాక, ఫ్రాన్స్‌లో పాస్కల్ అనే శాస్త్రవేత్తకి కొండెక్కితే ఏమవుతుందో చూడాలనిపించింది. కొండెక్కింది ఆయన కాదు, ఆయన బావ ఫ్లోరాన్ పెరియే. 1648 సెప్టెంబరు 19న ప్యూయ్ ద డోమ్ కొండ మీదికి గొట్టం మోసుకెళ్తే పాదరసం 8 సెంటీమీటర్లకు పైగా దిగింది. అదే రోజు కొండ కింద మఠంలో ఇంకో గొట్టం ఉంచి, రోజంతా దాన్ని గమనించమని ఒక మతాధికారిని కూర్చోబెట్టాడు. అది కదల్లేదు. ఆయన అక్కడ కూర్చోకపోతే, పాదరసం దిగింది ఎత్తు వల్లా లేక ఆ రోజు వాతావరణం మారడం వల్లా అన్నది ఎవరు చెప్పగలరు? కింద కూర్చున్న ఇద్దరూ ఆ తర్వాత గొణగలేదు, పైగా తామే ముఖ్యమని తిరిగారు.

టీచర్లకి ఇంకో సంగతి. 17వ శతాబ్దం మొదట్లో గెలీలియో కాలంలో వేడి చూడటానికి వాడిన గాలి థర్మోస్కోపులకీ సరిగ్గా ఇదే జబ్బు, తలకిందులుగా. వాళ్లు వేడిని కొలుస్తున్నాం అనుకుంటుంటే పీడనం మధ్యలో దూరేది. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు అదృష్టవశాత్తు నా పరువు కొంత మిగిలింది.

ఇదే యాక్టివిటీ చేయించబోయేవాళ్లకి నేను మార్చుకున్నవి చెప్తాను. సీసాని కిటికీ దగ్గర పెట్టను, పెట్టినా పక్కన తప్పకుండా ఒక థర్మామీటరు ఉంచి రెండు అంకెలూ రాయిస్తాను. వాన వస్తే కొన దిగాలని ముందే చెప్పను, చెప్పేస్తే పిల్లలు కొనని కాదు, నా మొహాన్ని చూసి రాస్తారు. బెలూన్ రబ్బరు వారం దాటితే గాలి వదిలేస్తుంది కాబట్టి అంతకు మించి ఆ రీడింగులతో గ్రాఫ్ పొడిగించను. వాన అంచనాకి మాత్రం తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్నే నమ్ముతున్నాను, ఎండ రోజుల్లో పొడిదానికీ తడిదానికీ 6, 7 డిగ్రీల తేడా ఉంటే ఆ ముసురు రోజున తేడా ఒక్క డిగ్రీ. గాలిలో తేమ నిండిపోయి ఇంక గుడ్డ ఆరే చోటే లేదన్నమాట. వాన వస్తుందని కచ్చితంగా చెప్పదు గానీ, చెప్పేదేదో నిజం చెప్తుంది. "ఇంకేమైనా" గడిని ఇప్పుడు అంకె గడి కంటే రెండింతలు వెడల్పు చేశాను.

చివరి పీరియడ్‌లో రాత పరీక్ష బదులు ఒకటే అడిగాను: మీ పరికరం అబద్ధం చెప్తోందని అనుమానం వస్తే ఏం చేస్తారు? కొంతమంది "మేడమ్‌ని అడుగుతాం" అని రాశారు, ఆ జవాబుకి ఈ నెల తర్వాత మార్కులు వేయడం కష్టం. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక పరీక్ష రాశారు: ఇంకోటి చేసి నీడలో పెడతాం, చెయ్యి పెట్టి చూస్తాం, ఒకటి కింద ఉంచి ఒకటి పైకి తీసుకెళ్తాం. వానమాపకాన్ని అనుమానించి, అందులో కొలిచిన నీళ్లు పోసి చూస్తామన్నవాళ్లు ఇద్దరు. నేనది నేర్పలేదు.

సీసా ఇంకా అలమరలో ఉంది, రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. "బారోమీటరు" చీటీని పిల్లలు ఎప్పుడో పీకేసి దాని మీద కొత్తది అతికించారు: "థర్మామీటరు. కొంచెం బారోమీటరు. ఎండలో పెట్టకండి."